తీపిలంక నాలుకల నిర్ధారణ కమిటీ

మా తీపిలంక మునిసిపాలిటీ కుళాయి నీళ్ళు ఉప్పగా ఉండవు. ఈ సంగతి నాకు అందరికన్నా బాగా తెలుసు. ఎందుకంటే ఆ మేరకు ఉత్తర్వు టైపు చేసింది నేనే. నా పేరు శోభనాచలం. ఫిర్యాదుల విభాగంలో సీనియర్ అసిస్టెంటుగా పదిహేడేళ్ళ నుంచి పనిచేస్తున్నాను.

ఉత్తర్వు రాకముందు మాత్రం నీళ్ళు ఉప్పగానే ఉండేవి.

దానికి కారణం పెద్ద రహస్యమేమీ కాదు. ఊరికి నీళ్ళిచ్చే నిల్వ చెరువు గట్టుకి ఆనుకుని నాలుగేళ్ళ కిందట రొయ్యల చెరువులు తవ్వారు. వాటిలోకి ఉప్పుటేరు నీళ్ళు తోడతారు. ఆ నీళ్ళు గట్టు కిందుగా ఊరి మంచినీళ్ళలో కలుస్తున్నాయి. రొయ్యల చెరువులు ఎవరివో ఊళ్ళో అందరికీ తెలుసు. మా రికార్డుల్లో మాత్రం అవి ఇప్పటికీ వరి పొలాలు.

ఏప్రిల్ మొదట్లో రోజుకి ఒకటీ రెండూ ఫిర్యాదులొచ్చేవి. మే పదో తేదీకి నా రిజిస్టరులో నాలుగు వందల పన్నెండు పెండింగు పడ్డాయి. ప్రతి శుక్రవారం జిల్లా సమీక్షలో ఏ ఊరికి ఎన్ని పెండింగు ఉన్నాయో తెర మీద చూపిస్తారు. వంద దాటితే అంకె ఎర్రగా కనపడుతుంది. మా అంకె ఎంత ఎర్రగా ఉండేదంటే, పక్క మునిసిపాలిటీల వాళ్ళు కూడా జాలి పడేవారు.

మా కమిషనర్ పరాంకుశం గారు మంచి మనిషి. ఎవరినీ పల్లెత్తు మాట అనరు. ఆయనకి ఒక గట్టి నమ్మకం ఉండేది. "సమస్యలనేవి ఉండవు శోభనాచలం. సరిగ్గా రాయని వాక్యాలే ఉంటాయి" అనేవారు. పైగా ఆ ఏడాదిని ప్రభుత్వం శాస్త్రీయ పాలనా సంవత్సరంగా ప్రకటించింది. ప్రతి ఫైలు పైనా 'శాస్త్రీయ ఆధారం' అని ఒక గడి వచ్చింది. దాన్ని ఖాళీగా వదిలితే ఫైలు వెనక్కొచ్చేది. చీపుళ్ళు కొన్న ఫైలుకి ఆ గడిలో నేను 'గురుత్వాకర్షణ' అని రాశాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఇలాంటి రోజుల్లో డిగ్రీ కాలేజీ వాళ్ళు విజ్ఞాన ప్రదర్శన పెట్టి మా కమిషనర్ని ముఖ్య అతిథిగా పిలిచారు. దండ మోయడానికి నేను కూడా వెళ్ళాను.

అక్కడ జంతుశాస్త్రం చెప్పే డాక్టర్ సలోమి గారు ఒక బల్ల దగ్గర నిలబడి ఉన్నారు. నలభై ఏళ్ళుంటాయి. చేతులకి రబ్బరు తొడుగులు, ముందర ఒక స్టీలు టిఫిను డబ్బా. ఆ డబ్బాలో ఐసు మధ్య మేక నాలుక ఉంది. తెల్లారగానే మార్కెట్లో మస్తాన్ కొట్టుకి వెళ్ళి, కోసిన అరగంటలోపు తెచ్చుకుంటారట. ఆలస్యమైతే అది ప్రయోగానికి పనికిరాదు, కూరకి తప్ప.

నాలుక మీది పల్చటి పొరని ఒలిచి, రెండు గాజు గదుల మధ్య తెరలాగా బిగించారు. రెండు వైపులా ఉప్పు ద్రావణం పోశారు. దానికి రెండు తీగలు, ఆ తీగలకి ఒక మీటరు తగిలించారు.

"ఉప్పు నీళ్ళలో కరిగితే అయాన్లవుతుంది. అంటే విద్యుత్తు మోసే కణాలండి" అన్నారు సలోమి గారు. "అవి ఈ పొరని దాటినప్పుడు మీటరులో ముల్లు కదులుతుంది. పొరలోని కణాల మీద గ్రాహకాలని ఉంటాయి. ఇంటి తలుపుకి గంట ఉంటుంది చూడండి, అలాంటివి. నరం చివర్నుంచి ఒక రసాయనం వచ్చి ఆ గంట నొక్కిందనుకోండి, అయాన్లు దాటే తీరు మారుతుంది."

అలాంటి రసాయనమే, అడ్రినలిన్, ఒక చుక్క వేశారు. కాసేపటికి ముల్లు మెల్లగా పైకి లేచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

కమిషనర్ గారు కొట్టలేదు. ముల్లు వైపే చూస్తున్నారు. "అమ్మా, ఈ రసాయనం మనిషికి ఎప్పుడు వస్తుంది?"

"ఎప్పుడూ కొంత ఉంటుందండి. భయం, కంగారు, కోపం లాంటివి ఉన్నప్పుడు ఎక్కువ. కాకపోతే నేను చూసింది మేక నాలుక పొరలో, అదీ ఒంటి నుంచి వేరు చేశాక. మనిషికి రుచి ఎలా మారుతుందన్నది దీన్నిబట్టి చెప్పలేమండి."

ఆమె రెండో వాక్యం పూర్తిచేసేటప్పటికి కమిషనర్ గారు అక్కడ లేరు. మనిషి ఉన్నారు గానీ, 'కోపం' అన్న మాట దగ్గరే ఆయన ఆగిపోయారు. ముఖంలో అంత వెలుగు నేను ఆయన ప్రమోషను నాడు కూడా చూడలేదు.

జీపెక్కగానే అడిగారు. "శోభనాచలం, నీ దగ్గరికి ఫిర్యాదు తెచ్చేవాడు కోపంగా ఉంటాడా, శాంతంగా ఉంటాడా?"

"కోపంగానే ఉంటాడండి."

"కోపంగా ఉన్నవాడికి రసాయనం వస్తుంది. రసాయనం వస్తే గ్రాహకం పనిచేస్తుంది. గ్రాహకం పనిచేస్తే ముల్లు లేస్తుంది. అవునా?"

"అవునండి."

"అయితే ఉప్పు ఎక్కడుంది? నీళ్ళలోనా, కోపంలోనా?"

డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

మర్నాడు ఉదయం ఉత్తర్వు చెప్పి రాయించారు. పదిహేడేళ్ళలో నేను టైపు చేసినవాటిలో అంత సాఫీగా నడిచిన వాక్యం ఇంకోటి లేదు. "సూచిక మేరకు తెలియజేయడమేమనగా, ఉప్పదనమనునది జలమునకు సంబంధించిన గుణముగాక, వినియోగదారుని నాలుక యందలి గ్రాహకముల తాత్కాలిక స్థితియని శాస్త్రీయముగా నిరూపితమైనందున, ఇకమీదట నాలుక నిర్ధారణ జరగని ఏ ఫిర్యాదును ఫిర్యాదుగా పరిగణింపరాదు."

సూచిక అన్నచోట డాక్టర్ సలోమి గారి పేరు, ప్రయోగం వేశాం. ఉత్తర్వుకి తొమ్మిది గడుల ఫారం తోడైంది. నీళ్ళు తాగిన సమయం, తాగక ముందు మనఃస్థితి, తాగిన తరువాత మనఃస్థితి, ఇంట్లో గొడవలు, గత ఎన్నికల నుంచి మునిసిపాలిటీపై అభిప్రాయం, ఇలాంటివి. నాలుగు వందల పన్నెండు మందికీ ఫారాలు పంపాం. నింపి తెచ్చినవాళ్ళు ముప్పై ఎనిమిది మంది. ముప్పై ఎనిమిది మందీ 'తాగిన తరువాత మనఃస్థితి' గడిలో కోపం అనే రాశారు. కాబట్టి ముప్పై ఎనిమిదీ కొట్టేశాం. శుక్రవారం సమీక్షలో తీపిలంక అంకె సున్నా. ఆకుపచ్చగా, గుండ్రంగా ఉంది. కమిషనర్ గారు దాన్ని ఫోనులో ఫొటో తీసుకున్నారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆఫీసులో మేమందరం తాగేది మినరల్ వాటర్ టిన్నులే. మా ఇంటికి నేను రోజూ సైకిలు మీద పక్కూరి నుంచి రెండు బిందెల నీళ్ళు తెచ్చుకునేవాణ్ణి. ఉత్తర్వు టైపు చేసిన రోజు కూడా తెచ్చుకున్నాను.

సోమవారం సలోమి గారు ఆఫీసుకొచ్చారు. చేతిలో ఉత్తర్వు ప్రతి ఉంది. "ఇందులో నా పేరెందుకు రాశారండీ?" అని అడిగారు. గొంతు పెంచలేదు. "నేను ఈ మాట అనలేదు. మేక నాలుకలో ఒక పొర గురించి చెప్పాను. మీ నీళ్ళ గురించి చెప్పలేదు."

"కూర్చోండమ్మా" అన్నారు కమిషనర్ గారు. "విజ్ఞానవేత్తలకి వినయం సహజం. మిమ్మల్ని నాలుకల నిర్ధారణ కమిటీకి సభ్యురాలిగా నియమిస్తున్నాం. శానిటరీ ఇన్స్పెక్టరు గారు రెండో సభ్యులు. నేను అధ్యక్షుణ్ణి."

"మనిషి నాలుక మీద ఈ పరీక్ష చెయ్యలేమండి. పొరని కోసి గదుల మధ్య బిగించాలి."

"ఎంత పొర కావాలి?"

"రూపాయి బిళ్ళంత."

కమిషనర్ గారు నా వైపు చూశారు. "రాసుకో శోభనాచలం. పదో గడి. నాలుక నమూనా, రూపాయి బిళ్ళ పరిమాణం, రెండు ప్రతులు."

సలోమి గారు కుర్చీలోంచి లేచారు. "నేను కుదరదంటున్నానండి. మనుషుల నాలుకలు కొయ్యమంటారా?"

"మేము కొయ్యమనడం లేదమ్మా. సమర్పించమంటున్నాం. అది వారి స్వచ్ఛంద నిర్ణయం. పారదర్శకత ఉండాలి గదా."

ఆ సమావేశం మినిట్సులో నేను రాసింది ఇదీ: 'గౌరవ సభ్యురాలు విలువైన సాంకేతిక సలహాలు అందించారు.' ఆమె దాన్ని చదివి, సంతకం పెట్టకుండా నా వైపు చూశారు. తిట్టి ఉంటే బాగుండేది.

మా ఆఫీసు ఎదురుగా నాంచారమ్మ టీ కొట్టు ఉంది. ఆమె టీ కాస్తుంది, మొగుడు కోటిలింగం గ్లాసులు కడుగుతాడు. ఆయనకి రెండేళ్ళ నుంచి గుండె నీరసంగా పనిచేస్తోంది. డాక్టరు ఉప్పు మానేయమంటే మానేశాడు. పచ్చడి కూడా ముట్టడు. మనిషి మాట తక్కువ. నేను వెళితే ఒక గ్లాసు రెండోసారి కడిగి ఇచ్చేవాడు, అదే ఆయన మర్యాద.

మే ఆఖరి వారంలో నాంచారమ్మ పాల క్యాను పట్టుకుని నేరుగా కమిటీ గదిలోకి వచ్చేసింది. బంట్రోతు ఆపబోయాడు గానీ ఆమె దగ్గర వాడికి ఖాతా ఉంది.

"అయ్యా, నేను ఫిర్యాదు చెయ్యటానికి రాలేదు" అంది. "నా నాలుకకేదో జబ్బుందన్నారు. ఉంటే ఉండనియ్యండి. పాలు కుళాయి నీళ్ళు పోసి కాస్తే ఇరిగిపోతన్నయ్. పాలకి నాలుకుంటదా?"

క్యాను మూత తీసి బల్ల మీద పెట్టింది. పాలు తెల్లటి ముక్కలుగా విడిపోయి ఉన్నాయి.

సలోమి గారు నెమ్మదిగా అన్నారు. "ఇది మంచి ప్రశ్నండి. దీనికి సమాధానం చెప్పాలి."

కమిషనర్ గారు రెండు నిమిషాలు కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి వాక్యం సిద్ధంగా ఉంది. "పాలకి నాలుక లేదు, నిజమే. కానీ పాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? గేదె నుంచి. గేదెకి నాలుక ఉంది. గేదె కంగారు పడితే ఆ రసాయనం పాలలోకి రాదని ఎవరు చెప్పగలరు? ఈ అంశాన్ని పశుసంవర్ధక శాఖకి నివేదించడమైనది."

"మా గేదె ఎందుకు కంగారు పడుద్దండీ?"

"అదే విచారిస్తారు."

విచారించారు కూడా. మూడో రోజు పశువుల డాక్టరు నాంచారమ్మ పాకకి వెళ్ళి, గేదె ముందు ముప్పావుగంట కూర్చుని, దాని ప్రవర్తన రాసుకున్నాడు. 'పశువు సాధారణముగా శాంతము. అయితే అధికారి రాకతో తోక ఊపినది' అని నివేదిక వచ్చింది. తోక ఊపడం కంగారో కాదో తేల్చడానికి ఫైలు జిల్లాకి వెళ్ళింది. ఆ మాట నేనే వెళ్ళి నాంచారమ్మకి చెప్పాను.

"తేలేదాకా నేనేం చెయ్యాలంటా?" అంది.

ఆమె మర్నాటి నుంచి టీకి మినరల్ వాటర్ టిన్ను తెప్పించడం మొదలుపెట్టింది. టీ బాగానే ఉండేది. ఆఫీసులో అందరం తాగాం, బాగుందన్నాం. ఆ టిన్ను నీళ్ళు టీకి మాత్రమేనని, కోటిలింగం దాన్ని ముట్టుకోకుండా కుళాయి నీళ్ళే తాగుతున్నాడని ఎవరమూ గమనించలేదు. రోడ్డు పక్కన రోజంతా పొయ్యి ఎదురుగా ఉండే మనిషి. చెంబులకి చెంబులు తాగేవాడు.

జూన్ ఆరో తేదీన గ్లాసులు కడుగుతూ కడుగుతూ బెంచీ మీద కూలబడ్డాడు. కాళ్ళు దిమ్మెల్లా వాచి ఉన్నాయి. ఊపిరి అందడం లేదు. మునిసిపాలిటీ చెత్త ఆటోలోనే ఎక్కించి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాం. ఆయన తల నేను పట్టుకున్నాను, కాళ్ళు నాంచారమ్మ పట్టుకుంది.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు కుర్రది. అన్నీ అడిగింది. ఉప్పు తింటున్నాడా అంటే లేదంది నాంచారమ్మ. నీళ్ళెక్కడివంటే కుళాయివంది. ఆ పిల్ల పెన్ను ఆపి, "మీరు తీపిలంకేనా?" అని అడిగింది. నెల రోజుల్లో అలా వచ్చినవాళ్ళలో కోటిలింగం పదకొండోవాడట.

"కొన్న నీళ్ళు యాపారానికి, కుళాయి నీళ్ళు మనకి అన్నాడయ్యా" అంది నాంచారమ్మ, వరండాలో గోడకానుకుని కూర్చుని. "ఉప్పగుంటన్నయ్ గదా అంటే, కమిషనర్ గారు లేవంటన్నారు గదే, పెద్ద సదువులు సదివినోళ్ళు అన్నాడు."

ఆ మాట విన్నాక నేను ఆ వరండాలో ఎక్కువసేపు నిలబడలేకపోయాను. ఆమె చేతిలో డాక్టరు రాసిన చీటీ ఉంది. 'కుళాయి నీరు పూర్తిగా మానవలెను. ఉప్పు ఎక్కువ.' దాన్ని తీసుకెళ్ళి కమిషనర్ గారి బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, నిజంగానే నొచ్చుకున్నారు. "పాపం" అన్నారు. తరువాత ఇంకోసారి చదివారు. "ఈ డాక్టరు నీళ్ళు రుచి చూసిందా?"

"లేదండి. ఆయన కాళ్ళు చూసింది."

"కాళ్ళలో గ్రాహకాల సంగతి మన ఉత్తర్వులో లేదు. ఇది పరిధిలోకి రాదు" అని చీటీ నాకిచ్చేశారు.

ఇంతలో మా సున్నా పేరు రాజధానిదాకా పాకింది. నెల రోజులుగా ఒక్క నీళ్ళ ఫిర్యాదూ లేని పట్టణం ఇంకెక్కడా లేదట. ఉత్తమ శాస్త్రీయ పురపాలక పురస్కారానికి పరిశీలక బృందం వస్తున్నట్టు లేఖ వచ్చింది. కమిషనర్ గారు కార్యక్రమం తయారుచేశారు. అందులో ముఖ్యమైనది 'ప్రశాంత జలపానం'. బృంద నాయకుడు ఐదు నిమిషాలు కళ్ళు మూసుకుని, నాలుక గ్రాహకాలని శాంతపరచుకుని, ఒక గ్లాసు నీళ్ళు తాగి, తియ్యగా ఉన్నాయని ప్రకటిస్తారు. ఆ నీళ్ళ కోసం వెండి జగ్గు తెప్పించి, అందులో మినరల్ వాటర్ నింపమని బంట్రోతుకి చెవిలో చెప్పారు. దాని తరువాత సలోమి గారు తన ప్రయోగం చేసి చూపించాలి.

ఆమె రానంటారనే అనుకున్నాను. ఆ సాయంత్రమే కాలేజీకి వెళ్ళి, కోటిలింగం సంగతి చెప్పాను. జగ్గు సంగతి కూడా చెప్పాను. అది చెప్పకూడని విషయమని నాకు తెలుసు.

"వస్తానని చెప్పండి" అన్నారు ఆమె. "కాకపోతే జలపానం నా ప్రయోగం తరువాత పెట్టించండి. ముందు గ్రాహకాలంటే ఏంటో తెలిస్తే పెద్దవాళ్ళకి తాగడం తేలిగ్గా ఉంటుందని రాయండి."

రాశాను. వాక్యం బాగుందని కమిషనర్ గారు మెచ్చుకున్నారు.

బృందంలో నలుగురు వచ్చారు. నాయకుడు రిటైరైన పెద్ద అధికారి. తెల్ల చొక్కా, ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే తల ఊపే అలవాటు. కౌన్సిలు హాలు నిండింది. నాంచారమ్మ కూడా టీ ఇవ్వడానికి వచ్చి వెనక గోడ దగ్గర నిలబడింది.

సలోమి గారు టిఫిను డబ్బా తెరిచి, నాలుక పొర బిగించి, మీటరు తగిలించారు. "అయ్యా, నా మీద కమిషనర్ గారికి నమ్మకం ఎక్కువ. అందుకని ద్రావణానికి బదులు ఇక్కడి నీళ్ళే వాడతాను" అని, వెండి జగ్గులోంచి కొంచెం నీళ్ళు తీసి నాలుక పైవైపు గదిలో పోశారు. తరువాత పొర కిందివైపు అడ్రినలిన్ చుక్క వేశారు.

ముల్లు కదలలేదు. ఇంకో చుక్క వేశారు. ఒక గీత కదిలిందేమో, అంతే.

"గంట నొక్కాను. తలుపు తీసుకుంది" అన్నారు. "కానీ బయట ఎవరూ లేరండి. ఈ నీళ్ళలో ఉప్పు లేదు. ఎంత కోపం వచ్చినా, ఎంత రసాయనం వచ్చినా, లేని ఉప్పుని నాలుక లోపలికి తేలేదు."

ఆ గదిలోని నీళ్ళు తీసేశారు. హాలు మూలనున్న కుళాయి దగ్గరికి వెళ్ళి, గ్లాసుతో పట్టుకొచ్చి అందులో పోశారు. ముల్లు ఇంకో చుక్క వెయ్యకముందే లేచింది. లేచి అక్కడే నిలబడింది.

"ఈ మేక పొద్దున్నే చచ్చిపోయిందండి" అన్నారు సలోమి గారు. "దీనికి కమిషనర్ గారి మీద కోపం లేదు. ఓటు కూడా లేదు."

నాయకుడు తల ఊపడం ఆపేశారు. మీటరు వైపు, జగ్గు వైపు చూశారు. "ఈ జగ్గులోవి, ఆ కుళాయిలోవి ఒకే నీళ్ళు కావా?"

కమిషనర్ గారు వాక్యం కోసం కళ్ళు మూసుకున్నారు. అది దొరికేలోగా నాయకుడు కుళాయి నీళ్ళ గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగారు. ముఖం అదోలా పెట్టి, చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నారు. "ఇవి ఉప్పు నీళ్ళండీ. వీటిని జనం తాగుతున్నారా?"

నాకు ధైర్యముందని ఎప్పుడూ ఎవరూ అనలేదు. అప్పుడు కూడా ధైర్యం లాంటిదేమీ కలగలేదు. ఫిర్యాదు వస్తే ఫారం ఇవ్వడం నా ఉద్యోగం. ఫారం తీసుకుని వెళ్ళి, నాయకుడి ముందు వంగి నిలబడ్డాను.

"అయ్యా, క్షమించాలి. తమరు ఇప్పుడు ఉప్పు అన్నారు. ఉత్తర్వు ప్రకారం ఆ మాట అన్నవారు ఇది నింపాలండి. తాగక ముందు తమరి మనఃస్థితి ఏమిటండి?"

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశారు. "ఇదేంటి?"

"తాగిన తరువాత మనఃస్థితి కూడా రాయాలండి. కోపమైతే ఫిర్యాదు చెల్లదు. ఇంట్లో ఏవైనా గొడవలుంటే ఇక్కడ. పదో గడిలో నాలుక నమూనా, రూపాయి బిళ్ళంత, రెండు ప్రతులు."

"రెండు ప్రతులు" అన్నారు ఆయన, నెమ్మదిగా.

"ఒకటి ఆఫీసు కాపీ అండి."

"కత్తెర ఉడకబెట్టే తెచ్చాను" అన్నారు సలోమి గారు, మీటరు మీదినుంచి కళ్ళెత్తకుండా.

వెనక గోడ దగ్గర ఎవరో నవ్వారు. ఆ నవ్వు వరస వరసగా ముందుకొచ్చింది. నాయకుడు మాత్రం నవ్వలేదు. ఫారం పది గడులూ చదివారు. మడిచి జేబులో పెట్టుకున్నారు. కమిషనర్ గారితో ఒకే మాట అన్నారు. "మీ మంచినీళ్ళ చెరువు గట్టు చూపించండి."

తొమ్మిది రోజుల్లో పని జరిగింది. నిల్వ చెరువు లోపలివైపు బంకమట్టి దట్టించారు. పాత నీళ్ళు తోడేసి కాలవ నీళ్ళు పెట్టారు. అప్పటిదాకా ట్యాంకర్లు తిరిగాయి. రొయ్యల చెరువులు ఖాళీ చేయించడం దగ్గర ఒక చిక్కొచ్చింది. రికార్డులో అవి వరి పొలాలు కాబట్టి, లేని చెరువుల్ని ఖాళీ చేయమనడానికి వీల్లేదు. కమిషనర్ గారు ఒక పూట ఆలోచించి, 'వరి పొలాలలో అనధికారికముగా సంచరించుచున్న రొయ్యలను తొలగించుట' అని ఉత్తర్వు ఇచ్చారు. రొయ్యలు వెళ్ళిపోయాయి. ఆ వాక్యానికి మాత్రం నేను మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

పురస్కారం పక్క మునిసిపాలిటీకి వెళ్ళింది. మునిసిపల్ నీటిని అనుమతి లేకుండా మేక నాలుకకి రుచి చూపించినందుకు సలోమి గారికి కాలేజీ నుంచి మెమో వచ్చింది. ఆమె దాన్ని ప్రయోగశాల గోడకి అంటించారు. నాకు మెమో రాలేదు. నేను చేసినదంతా నిబంధనల ప్రకారమే కదా. నాలుకల ఉత్తర్వు రద్దు కాలేదు. రద్దు ఫైలు మీద 'శాస్త్రీయ ఆధారం' గడి ఖాళీగా ఉందని మూడుసార్లు వెనక్కొచ్చింది.

కోటిలింగం ఇరవై మూడు రోజుల తరువాత ఇంటికొచ్చాడు. సగమయ్యాడు. బిందె ఎత్తకూడదన్నారు, ఎక్కువసేపు నిలబడకూడదన్నారు. ఆసుపత్రిలో ఆ పదకొండు మందిలో ఇద్దరు ఇంటికి రాలేదు. వాళ్ళు మా రిజిస్టరులో ఫిర్యాదు చేసినవాళ్ళేనని నేను వెతికి చూసుకున్నాను. ఆ ముప్పై ఎనిమిది మందిలో ఉన్నారు.

జూలైలో ఒక ఉదయం కమిషనర్ గారు పిలిచారు. మళ్ళీ ఆయన ముఖంలో వెలుగు కనపడింది. "నీళ్ళు ఇప్పుడు బాగున్నాయి గదా. ప్రజా సంతృప్తి పత్రాలు ఓ పాతిక కావాలి. పైకి పంపాలి. ముందు ఆ టీ కొట్టామె దగ్గర రాయించుకు రా. ఆమెదైతే విలువ ఉంటుంది."

"నాలుక నిర్ధారణ చేయించాలా అండి?"

"మెచ్చుకోలుకి అక్కర్లేదు" అన్నారు.

కాగితం పట్టుకుని రోడ్డు దాటాను. నాంచారమ్మ కుళాయి కింద గిన్నె పెట్టి నీళ్ళు పట్టి, పాలు కలిపి పొయ్యి మీద పెట్టింది. పాలు పొంగాయి, విరగలేదు. కోటిలింగం బెంచీ మీద కూర్చుని, కాళ్ళు పీట మీద చాపుకుని ఉన్నాడు. ఆమె మొదటి గ్లాసు ఆయనకిచ్చింది. ఆయన రెండు చేతులతో పట్టుకుని తాగడం చూస్తూ కాసేపు నిలబడ్డాను.

"ఏందయ్యా ఆ కాయితం?" అంది.

"ఏం లేదమ్మా. నీళ్ళు బాగున్నాయని రెండు ముక్కలు రాసి వేలిముద్ర వెయ్యాలి."

ఆమె పొయ్యి మంట తగ్గించి, చేతులు కొంగుకి తుడుచుకుంది. కాగితం తీసుకుంటుందనుకుని చెయ్యి చాపాను.

"బాగోనప్పుడు మా మాట నమ్మినోళ్ళు కారు" అంది. "బాగుంటే మాత్రం ఎందుకయ్యా నమ్మటం?"

ఆ గొంతులో కోపం లేదు. ఫారంలో మనఃస్థితి గడిలో రాయాల్సి వస్తే ఏం రాయాలో నాకు తెలియని గొంతు అది. నాకూ ఒక టీ పోసిచ్చింది. బెంచీ మీద కోటిలింగం పక్కనే కూర్చుని తాగి, గ్లాసు నేనే కడిగి పెట్టి, తిరిగి ఆఫీసుకొచ్చాను. ఖాళీ కాగితానికి నోటు జతచేసి పైకి పంపాను: 'సంబంధితుల నాలుక అందుబాటులో లేదు.'